కలకత్తా ఏరు

నేను అబద్ధం ఆడలేదు. పదేళ్ళ వయసులో కలకత్తాలో ఏరు వెనక్కి పారడం ఈ కళ్ళతో చూశాను, చూసింది చూసినట్టు ఊళ్ళో చెప్పాను, చెప్పినందుకు నన్ను బెంచీ ఎక్కించారు, బడి మాన్పించారు, ఊరంతా కలిసి అబద్ధాలకోరని పేరు పెట్టారు. నేను చెప్పింది నిజమని తెలిసిన మనిషి ఊళ్ళో ఒకే ఒక్కడు ఉన్నాడు. ఆయన మా మేనమామ. అందరి ముందూ అడిగితే, అలాంటిదేం లేదన్నాడు.

ఇంత పాత సంగతి ఇప్పుడెందుకని మీరు అడగవచ్చు. మొన్న కళ్ళజోడు మార్పించుకోవడానికి రాజమండ్రి వెళ్ళాను. బంగారం కొట్ల వెనక సన్నటి సందు ఒకటుంది. నగలు చేసే బెంగాలీ కుర్రాళ్ళు అక్కడ మేడమీది గదుల్లో పదిమందేసి ఉంటూ, పని చేసే చోటే పొయ్యి పెట్టుకుని వండుకుంటారు. ఆ మధ్యాహ్నం ఎవరో ఆవనూనెలో చేపలు వేయిస్తున్నారు. ఆ ఘాటు ముక్కుకి తగిలేసరికి కాళ్ళు ఆగిపోయాయి. మోటారుసైకిలు మీద వచ్చినవాడెవడో హారన్ కొట్టి, "పెద్దాయనా, దారికడ్డంగా నిలబడిపోతే ఎలాగండీ?" అని విసుక్కున్నాడు. నేనెక్కడ నిలబడ్డానో అతనికేం తెలుసు? కలకత్తాలో, ఏటి ఒడ్డున, ఒంటికి నూనె పట్టించుకుంటున్న వస్తాదుల మధ్య, మెడలో తాయెత్తుతో పదేళ్ళ పిల్లాడినై నిలబడ్డాను.

మాది రామచంద్రపురానికీ ద్రాక్షారామానికీ మధ్య కాలవగట్టు మీది ఊరు. తూర్పు పడమరలు మాకు పంచాంగంలో ఉండేవి గానీ నోట్లో ఉండేవి కావు. ఏదైనా ఎగువ, లేకపోతే దిగువ. ఎగువ వీధి, దిగువ వీధి. ఎగువింటి పిన్ని, దిగువింటి తాత. అన్నాల దగ్గర పిల్లలం ఇరుక్కుని కూర్చుంటే మా అమ్మ గరిటెతో చూపిస్తూ "కాస్త దిగువకి జరగండర్రా" అనేది. ఎగువ రేవులో తాగేనీళ్ళ బిందెలు ముంచుకునేవారు, దిగువ రేవులో గేదెల్ని కడిగేవారు, ఈ రెండూ తారుమారు చేసినవాణ్ణి ఊరంతా దుమ్మెత్తిపోసేది. వేసంగిలో కాలవ కట్టేసినప్పుడు అడుగు బురదలో మట్టగిడసలు పట్టుకోవడం, గట్టున కూర్చుని తాటిముంజలు బొటనవేలితో పొడుచుకు తినడం, ఆ బుర్రలతో బళ్ళు చేసుకుని లాక్కోవడం, ఇవే మా పనులు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తలుపులెత్తారని కబురొస్తే చాలు, తింటున్న అన్నం వదిలేసి గట్టుమీదికి పరిగెత్తేవాళ్ళం. ముందు ఎండుటాకులూ పుల్లలూ నురగా దొర్లుకుంటూ వచ్చేవి, ఆ వెనక ఎర్రనీరు నేలని నాకుతూ, నెర్రెల్లోంచి బుడగలు లేపుతూ, కొత్తమట్టి వాసన మోసుకుంటూ వచ్చేది. మేం దానికంటే ముందు పరిగెత్తేవాళ్ళం, అది వచ్చి మా కాళ్ళు పట్టుకునేది. కార్తీకమాసంలో ఆడవాళ్ళు అరటిదొప్పల్లో దీపాలు వదిలితే, ఏ దీపం ఎవరిదో గుర్తుపడుతూ గట్టు వెంట నడిచేవాళ్ళం. మిగతా రోజుల్లో దీపాలకి బదులు కొబ్బరి డొక్కలు. డొక్కకి ఈనెపుల్ల జెండా గుచ్చి ఎగువ రేవులో వదలడం, దిగువ రేవులో పట్టుకోవడం. వదిలింది ఎప్పుడూ దిగువనే దొరికేది. నీళ్ళ వాలుని నమ్మినట్టు మేం ఇంకదేన్నీ నమ్మలేదు.

మా మావయ్య కొబ్బరికాయల వర్తకుడు. కాలవకి అవతల ఆయన ఇల్లు, ఇవతల మాది. చుట్టుపక్కల తోటల కాయలన్నీ ఆయన వాకిట్లో గుట్టలు పడేవి. నేలలో నిలబెట్టిన గునపాల మీద కూలీలు కాయలు ఒలుస్తుంటే వచ్చే చీలిక చప్పుడు, తడి పీచు వాసన, గోనెసంచుల దుమ్ము, వీటన్నిటి మధ్య వీధి అరుగు మీద మావయ్య చుట్ట కాలుస్తూ కూర్చునేవాడు. కాయలు పడవ మీద ధవళేశ్వరం, అక్కణ్ణుంచి రాజమండ్రి, అక్కణ్ణుంచి రైలు పెట్టెల్లో కలకత్తా వెళ్ళేవి. వాటి వెనకే ఆయనా వెళ్ళేవాడు. తిరిగొచ్చిన సాయంత్రం రైతులంతా ఆ అరుగు చుట్టూ చేరేవారు. కలకత్తా చూసినవాడు ఊళ్ళో మరొకడు లేడు కాబట్టి, కలకత్తా అంటే మావయ్య నోట్లోంచి వచ్చిందే కలకత్తా. ఈసారి అక్కడ గిరాకీ లేదని ఆయనంటే లేదన్నమాటే. కాయ తోలుకెళ్ళేటప్పుడు ఆయన కాగితం రాసిచ్చేవాడు కాదు, వాళ్ళూ అడిగేవారు కాదు. "ఆయన నోటమ్మట వచ్చిందంటే రాసిచ్చినట్టేనండి" అనేవారు.

ఒక ఏడు శివరాత్రి తీర్థం వెళ్ళాక మావయ్య నన్ను వెంట తీసుకెళ్తానన్నాడు. మగపిల్లలు లేని మనిషి, వర్తకం ఎప్పటికైనా నాకే అప్పజెప్పాలని అనుకుంటున్న రోజులవి. అత్తయ్య రెండు రోజులు పొయ్యి దగ్గరే కూర్చుని పాకుండలు, జంతికలు చేసి డబ్బా నింపి, పడవ దాకా వచ్చి, "జాగ్రత్తండీ, పిల్లోణ్ణి కూడా కొబ్బరికాయల్లో కలిపేసి అమ్మేసి వచ్చేరు" అంది. పడవవాళ్ళు గట్టు మీద నడుస్తూ తాడేసి మమ్మల్ని ఎగువకి లాగారు. లాకుల్లో పడవ నీళ్ళతోపాటు మెల్లగా పైకి లేస్తుంటే అదే పెద్ద వింత అనుకున్నాను. వింతంటే ఏంటో నాకు అప్పటికి తెలియదు.

హౌరా స్టేషను బయటికొచ్చి నేను చేసిన మొదటి పని, మావయ్య పంచె కొంగు రెండు చేతులా పట్టుకోవడం. అంతమంది జనాన్ని నేను ద్రాక్షారామం తీర్థంలో తప్ప చూడలేదు, అదీ ఏడాదికి ఒక్కరోజు.

"ఇవాళ ఇక్కడ తీర్థమా మావయ్యా?"

"తీర్థం లేదు గీర్థం లేదు. రోజూ ఇంతే. కొంగు వదలకు."

రోజూ ఇంతే! ఈ రోజు పోయినవాళ్ళు రేపు మళ్ళీ వస్తారా, లేక రేపు వేరేవాళ్ళు వస్తారా, ఇంతమందికి అన్నం ఏ పొయ్యి మీద ఉడుకుతుంది, ఆ బియ్యం పండే పొలం ఎక్కడుంది, ఇవన్నీ ఆలోచిస్తూ నోరు తెరిచి నడిచాను. హోళీ వెళ్ళిన మర్నాడది. గోడల మీద, కుక్కల వీపుల మీద, ఎద్దుల కొమ్ముల మీద గులాబీరంగు ఇంకా పోలేదు. ముసలాళ్ళ చెవుల మడతల్లో కూడా ఉంది. రాజమండ్రిలో గోదారి మీది రైలు వంతెన స్తంభాలు చూసి చూసి ఉన్నవాణ్ణి, ఈ వంతెన మధ్యకి వెళ్ళి కమ్మీల్లోంచి కిందికి వంగి చూస్తే ఏట్లో ఒక్క స్తంభం లేదు. ఇన్ని వేలమందిని ఎవరు పట్టుకుని నిలబెట్టారో తెలియక, నా బరువు కూడా ఎక్కువవుతుందేమోనని మునివేళ్ళ మీద నడిచాను. ఎద్దుల్లేకుండా ఇంజను లేకుండా ట్రాము బండ్లు గంట కొట్టుకుంటూ, తలమీది తీగలో నిప్పురవ్వలు రాలుస్తూ పోయాయి. మేడ మీద మేడ ఉన్న బస్సులు ఒక పక్కకి ఒరిగి పరిగెత్తాయి. వేలికి గజ్జె కట్టుకుని మనుషుల్ని రిక్షాల్లో లాక్కెళుతున్న మనుషులు, తలమీద పియానో మోసుకెళుతున్న నలుగురు కూలీలు, వీధి గొట్టంలోంచి చిమ్ముతున్న ఏటినీళ్ళతో తెల్లవారకముందే కడిగేసిన రోడ్లు, ఏలకులూ గోనె పీచూ బొగ్గుపొగా మురుగూ కలిసిన గాలి, అన్నిటి మీదా ఆవనూనె ఘాటు. ఏరు వెడల్పులో మా గోదారికి సాటి రాదు గానీ, దాని మీద ఓడలు నిలబడి ఉన్నాయి, ఒక్కొక్కటి మా ఊరి దిగువ వీధంత.

వంతెన మీద నిలబెట్టి మావయ్య చేత్తో చూపించాడు. "అల్లుడూ, ఇటు చూడు. రైలు దిగిన మన కాయలు పడవల మీద ఏరు దాటి చేరే రేవు అదుగో, దిగువన. మనం ఉండే గది దాని మీదే. ఖర్మకాలి తప్పిపోయావనుకో, ఏడవకు. నిన్నెవడూ తెలుగులో అడగడు. ఏటి ఒడ్డుకొచ్చి నీళ్ళు ఎటు పోతే అటు నడు. నేనక్కడే ఉంటాను." అప్పుడు నీళ్ళు నిజంగానే రేవు వైపే పోతున్నాయి. కాలవగట్టు పిల్లాడికి అంతకంటే తేలికైన గుర్తు ఎవరివ్వగలరు?

మర్నాడే తప్పిపోయాను. వంతెన మొదట్లో పూల బజారుంది. మా ఊళ్ళో ధాన్యం పోసినట్టు బంతిపూలు పోసి, మనుషులు మోకాళ్ళ లోతు పూలల్లో నిలబడి అమ్ముతున్నారు. ఒక దండలవాడు నా ముందునుంచి పోతుంటే ఆ పసుపుని చూస్తూ పంచె కొంగు వదిలాను. మళ్ళీ పట్టుకున్న కొంగు ఎవరో గుమాస్తాది. ఆయన బెంగాలీలో ఏదో అని విదిలించుకున్నాడు. ఏడుపు వచ్చింది గానీ మావయ్య మాట గుర్తొచ్చి ఆపుకున్నాను. మెట్లు దిగి ఒడ్డుకొచ్చాను. స్నానాలు చేసేవాళ్ళు, నూనె రాసుకునే వస్తాదులు, క్షవరాలు చేయించుకునేవాళ్ళు. వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి ఏటిని చూశాను. నీళ్ళ మీద కొబ్బరి డొక్కలు పోతున్నాయి! మావయ్య వాకిట్లో చూసినలాంటి డొక్కలు, ఒకదాని వెనక ఒకటి, హడావిడిగా, మా కాలవలో పోయేదానికంటే జోరుగా. ఇక నాకు భయమేంటి? వాటితోపాటు నడిచాను. అవి వంతెన కిందికి దూరాయి, నేనూ దూరాను. నిన్న వంతెన మీంచి రేవు ఏ పక్కన కనబడిందో గుర్తు తెచ్చుకోవాలని కూడా నాకు తట్టలేదు. నీళ్ళు పోతున్న వైపు ఎగువ ఎలా అవుతుంది?

చాలాదూరం నడిచాను. శవాలు కాలుతున్న ఒడ్డు దాటాను. ఇటుకల పడవలు దాటాను. చివరికి ఒక ఇరుకు వీధి మొదట్లోకొచ్చి పడ్డాను. వీధి పొడవునా తలల్లేని అమ్మవార్లు నిలబడి ఉన్నారు. ఎండుగడ్డితో కట్టిన ఒళ్ళు, పది చేతులు, వాటి పక్కన గోడకి వరసగా ఆరబెట్టిన మట్టి తలలు, ఇంకా కళ్ళు దిద్దనివి. అక్కడే కూలబడ్డాను. ఒక ముసలాయన, మోచేతుల దాకా ఏటి మట్టి పూసుకున్నవాడు, నన్ను చూసి నవ్వి, మరమరాల్లో ఆవనూనె కలిపి దోసిట్లో పోశాడు. అంత కారంగా, అంత రుచిగా అంతకుముందు నేనేమీ తినలేదు. నేను ఏటిని చూపించి, నడిచొచ్చిన దారిని చూపించి ఏడిస్తే, ఆయన అరచెయ్యి ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊపి మళ్ళీ నవ్వాడు. నన్ను ఊయలూపుతానంటున్నాడని అనుకున్నాను.

ఎండ వాలుతుండగా మావయ్య వచ్చాడు. ఒడ్డు వెంటే, కండువా జారిపోయి, రొప్పుకుంటూ వచ్చాడు. వస్తూనే చెంప మీద ఒకటిచ్చి, ఆ చేత్తోనే దగ్గరకి లాక్కున్నాడు.

"దిగువకి పొమ్మంటే ఎగువకొచ్చి కూర్చున్నావేంట్రా వెధవా!"

"నీళ్ళు ఇటే వచ్చాయి మావయ్యా. నీళ్ళతోనే వచ్చాను."

"ఏవీ, చూపించు."

చూపించబోయాను. ఏరు అటు పోతోంది. నేను నడిచొచ్చిన వైపుకే, ఏమీ ఎరగనట్టు, డొక్కల్నీ బంతిదండల్నీ మోసుకుని దిగువకి పోతోంది. నన్ను ఇంత దూరం చెయ్యి పట్టి తీసుకొచ్చి, సాక్ష్యం చెప్పాల్సిన వేళకి అంత పెద్ద ఏరు అటు తిరిగి నిలబడింది.

ఊళ్ళో నోరు ఆపుకోలేకపోయాను. వంతెన గురించి చెప్పాను, నమ్మారు. తలల్లేని అమ్మవార్ల గురించి చెప్పాను, దండం పెట్టుకున్నారు. ఏరు వెనక్కి పారిందన్నాను, నవ్వారు. బళ్ళో మాష్టారు అడిగారు: "నీళ్ళు పల్లానికి పోతాయా, మిట్టకి పోతాయా?"

"పల్లానికండి."

"మరి కలకత్తాలో?"

"మిట్టకి పోయాయండి."

అబద్ధమాడానని ఒప్పుకుని కూర్చోమన్నారు. ఒప్పుకోలేదు. బెంచీ ఎక్కమన్నారు, ఎక్కాను. ఆయన అన్యాయస్థుడు కాదు, మావయ్యని పిలిపించి అందరి ముందూ అడిగారు. మావయ్య గుమ్మంలో నిలబడి, కండువా సర్దుకుని, "కొత్త ఊరు కదండీ, జనాన్ని చూసి బెదిరిపోయాడు. ఏరు ఏరులాగే పోద్దండి" అన్నాడు. నావైపు చూడలేదు. రోజూ బెంచీ మీదే పాఠం విన్నాను. చివరికి మా నాన్న విసిగిపోయి, "ఒక్కమాట ఒప్పుకోలేని మొండోడికి చదువెందుకు, పొలానికి రా" అన్నాడు. ఆ తర్వాత మావయ్య నన్ను కలకత్తా తీసుకెళ్ళనూ లేదు, వర్తకం మాట ఎత్తనూ లేదు. తోటి పిల్లలు గట్టు మీద నన్ను చూడగానే "ఒరే కలకత్తా ఏరూ, ఇవాళ ఎటు పారతావురా?" అనేవారు. వాళ్ళకి మనవలు పుట్టినా ఆ పేరు పోలేదు.

పొలం పని అయ్యాక రామచంద్రపురం వెళ్ళి గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నాను. నాకొచ్చిన చదువంతా ఆ బల్ల దగ్గర వచ్చిందే. భూగోళం పుస్తకంలో దొరికింది: సముద్రానికి పోటొచ్చినప్పుడు ఆ నీరు ఏట్లోకి ఎగదన్నుకుని వచ్చి, కాసేపు ఏటినే వెనక్కి నడిపిస్తుంది. సముద్రం దగ్గర మా గోదారీ అంతే చేస్తుందట, మా ఊరు అంత కిందికి లేదు, అంతే. పుస్తకం తీసుకెళ్ళి మావయ్యకి చదివి వినిపించాను. "పుస్తకాల్లో చాలా రాస్తారు" అన్నాడు. అప్పుడు నా ప్రశ్న అడిగాను. "నేను దిగువకి వస్తాననుకున్న మీరు, ఎగువన నన్ను వెతుక్కుంటూ ఎలా వచ్చారు మావయ్యా?" ఆయన చుట్ట వెలిగించుకుని, తోటలో పనుందని లేచిపోయాడు. ఆ ప్రశ్న పెళ్ళిళ్ళలో అడిగాను, తద్దినాల్లో అడిగాను. ప్రతిసారీ ఆయనకి తోటలో పనుండేది.

తొంభైల్లో మా ఊళ్ళ నుంచి కాశీయాత్ర బస్సులు బయల్దేరాయి. కాశీ, గయ, కలకత్తా, పూరీ. పోటు జోరుగా ఉంటుందని, పున్నమి వెళ్ళిన మర్నాటికి కలకత్తాలో ఉండేలా చూడమని బస్సాయన్ని పోరి పోరి ఒప్పించాను. మోకాళ్ళ నొప్పులని మావయ్య రాలేదు గానీ అత్తయ్య వచ్చింది. వంతెన పక్క మెట్ల మీద ఊరివాళ్ళందర్నీ కూర్చోబెట్టాను. జనం నా చిన్నప్పటికంటే పదింతలున్నారు, అత్తయ్య చుట్టూ చూసి "ఇవాళ వీళ్ళకేం పండగరా?" అంది. నాకు నవ్వొచ్చింది. "రోజూ ఇంతే అత్తయ్యా" అన్నాను.

పులిహోర పొట్లాలు అయిపోయాయి. ఆడవాళ్ళు సణగడం మొదలెట్టారు. "అమ్మవారి గుళ్ళో ఇంకాసేపు కూర్చునేవాళ్ళం కదండీ, ఈ మురికినీళ్ళ కాడ ఏంటండీ?" "కలకత్తా ఏరుగారు ఇవాళ కూడా ఎటు పారాలో తేల్చుకోలేదేమోనే" అని వెనకనుంచి ఎవరో. అప్పుడు దిగువకి పోతున్న బంతిదండ ఒకటి నెమ్మదించింది. ఆగింది. ఏరు మొత్తం, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, పళ్ళెంలో పోసిన నీళ్ళలా నిలబడిపోయింది. లంగరేసిన పడవలు ఒక్కొక్కటే పిలిచినట్టు మొహాలు తిప్పుకున్నాయి. దండ వణికి, కదిలి, వంతెన వైపు బయల్దేరింది. దాని వెనక నురగ, దాని వెనక ఏరంతా. మావాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఆ ఊరి జనం మాత్రం సబ్బు రాసుకుంటూనే ఉన్నారు, ఒక్కడూ తలెత్తి చూడలేదు. దాన్ని మించిన వింత నాకు ఇంకోటి కనపడలేదు.

అత్తయ్య మెట్లు దిగి, నీళ్ళు తాకి నెత్తిన జల్లుకుంది. "మళ్ళిపోయిందిరోయ్!" అంది. తర్వాత నావైపు తిరిగి, "ఇన్నేళ్ళూ నిన్ను చూసి నవ్వాను కదరా. ఉండు, మీ మావయ్య సంగతి ఇంటికెళ్ళాక చెబుతాను" అంది.

ఇప్పుడు ఆ అరుగు లేదు, అక్కడ ఎరువుల కొట్టు కట్టారు. పడవలు లేవు, తాడేసి లాగే మనుషులు లేరు, కాయలు లారీల్లో పోతున్నాయి, గోనెల బదులు ప్లాస్టిక్ సంచులు. కాలవ నిండా గుర్రపుడెక్క. నీళ్ళు ఎటు పారుతున్నాయో వంగి చూసినా తెలియదు. ఎగువింటి పిన్నీ లేదు, దిగువింటి తాతా లేడు. దారి అడిగితే పిల్లలు లెఫ్టు, రైటు అంటున్నారు. నన్ను కలకత్తా ఏరని పిలిచేవాళ్ళు కూడా పోయారు. మావయ్య పోయాకే ఇది రాయాలనుకున్నాను, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

యాత్ర బస్సు దిగిన రోజున అత్తయ్య కాళ్ళు కూడా కడుక్కోకుండా మావయ్య పడక్కుర్చీ ముందు నిలబడి, "ఏవండీ, అన్నిసార్లు వెళ్ళారు, ఏరు మళ్ళడం చూళ్ళేదాండీ?" అని అడిగింది. ఆయన ఆరిపోయిన చుట్ట తీసి పక్కన పెట్టాడు. ఆవిడకి కాదు, నాకు చెప్పాడు.

"చూశాన్రా అల్లుడూ. ఆ రోజే చూశాను. మన రేవులో పారేసిన డొక్కలు వంతెన వైపు పోతుంటే గుండె జారిపోయింది, వాటి వెనకే పోయుంటావని పరిగెత్తుకొచ్చాను. మరి చెప్పలేదేంటంటావా? ఊరి కాయలన్నీ నా నోటి మాట మీద తోలేవారురా. ఏరు వెనక్కి పోద్దని నేనంటే, ఈడి కలకత్తా కబుర్లన్నీ ఇంతేనని ఆ సాయంత్రమే అరుగు దిగిపోయేవారు. నువ్వు పిల్లోడివి. నిన్ను నమ్మకపోయినా మీ అమ్మ అన్నం పెడుద్ది. నన్ను నమ్మకపోతే నాకెవరు పెడతార్రా?"